పాఠకుల ప్రశ్నలు: కూలిన బాంబర్ ఏది, అందులో ఉన్నదెవరు?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్.ఏ.ఎఫ్.)లోని బాంబర్ కమాండ్ ఒక్కటే 55,573 మంది వైమానికులను పోగొట్టుకుంది. ఐరోపా మీద కూలిన అలాంటి విమానాల గురించి, వాటిలోని మనుషుల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఒక ఎయిర్ గన్నర్ (విమానంలో తుపాకీ పేల్చేవాడు) పేరు, 1943లో చనిపోయాడన్న సంగతి తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. అతని విమానం ఎక్కడ కూలిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: చోటు వెతకడం చివరి పని. ముందు విమానం సీరియల్ నంబరు దొరకాలి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు కొడితే సర్వీసు నంబరు, తేదీ, సమాధి వరస, చాలామందికి స్క్వాడ్రన్ కూడా వస్తాయి. ఒకే పేరు గలవాళ్లు బోలెడంతమంది ఉంటారు కాబట్టి ఇకనుంచి పేరును కాక సర్వీసు నంబరునే నమ్ముకోండి. తరవాత అదే స్క్వాడ్రన్‌లో అదే తేదీన పోయినవాళ్లందరినీ ఒక కాగితం మీద రాసుకోండి. పక్కపక్క సమాధుల్లో ఉన్నవాళ్లు చాలావరకు ఒకే విమానం వాళ్లు.

తేదీ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. బ్రిటిష్ బాంబర్లు ఎక్కువగా రాత్రిపూట వెళ్లేవి. 1943 జూన్ 12 రాత్రి జర్మనీలోని బోకుమ్ మీదికి బయల్దేరిన విమానం అర్ధరాత్రి దాటాక, 13వ తేదీన కూలుతుంది. స్క్వాడ్రన్ పుస్తకంలో 12 అనీ, సమాధి రాయి మీద 13 అనీ ఉండొచ్చు. 12/13 అని జంటగా రాసుకుని, రెండు తేదీల కిందా వెతకండి.

ఇక లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్. అక్కడ ఎయిర్ 27 అనే వరుసలో స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డ్ బుక్కులున్నాయి. ఫారం 540 రోజువారీ సంగతుల సారాంశం. మనకు కావలసింది ఫారం 541. విమానం రకం, సీరియల్, సిబ్బంది పేర్లు, లేచిన సమయం, దిగిన సమయం అందులో గడులుగా ఉంటాయి. తిరిగిరాని విమానానికి దిగిన సమయం గడి ఖాళీ. పక్కన బయల్దేరాక కబురు లేదన్న ఒక్క ముక్క, అంతే. నిరాశ పడకండి, మనం వెళ్లింది ఆ నంబరు కోసం. ఆ పుస్తకాల్లో టైపు తప్పులు మాత్రం మామూలే, అంకెలు తారుమారవుతాయి. ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియంలోని లాస్ కార్డులతో (పోయిన విమానాల కార్డులు) సరిచూసుకోండి.

విమానం పక్కన పెద్దగా రాసిన అక్షరాలను సీరియల్ అనుకోవద్దు. 1943లో జర్మన్ డ్యామ్‌ల మీద దాడికి బ్రిటిష్ పైలట్ గిబ్సన్ నడిపిన లాంకాస్టర్ బాంబర్ పక్కన ఏజే-జీ అని ఉంటుంది. దాని సీరియల్ ఈడీ932. మొదటిదానిలో ఏజే స్క్వాడ్రన్ కోడ్, జీ ఆ విమానానికిచ్చిన అక్షరం. ఒక విమానం పోతే అవే అక్షరాలు తరవాత వచ్చినదానికి రాసేవారు. సీరియల్ మాత్రం పుట్టినప్పటినుంచి చచ్చేదాకా ఒక్కటే.

చాలామంది వదిలేసే దారి ఇంకొకటుంది. సిబ్బందిలో ఆస్ట్రేలియావాడో కెనడావాడో ఉన్నాడేమో చూడండి. బ్రిటిష్ మరణ విచారణ ఫైళ్లు ఎయిర్ 81 వరుసలో తేదీ క్రమంలో కొద్దికొద్దిగా తెరుస్తున్నారు; మీకు కావలసిన నెల ఇంకా రాకపోవచ్చు. ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఏ705 ఫైళ్లు మాత్రం చాలావరకు స్కాన్ చేసి పెట్టారు. ఒక్క ఆస్ట్రేలియన్ ఫైల్లో మొత్తం ఏడుగురి కథా ఉంటుంది: కూలిన ఊరు, పూడ్చినవాళ్ల వాంగ్మూలం, యుద్ధం అయ్యాక సమాధి తవ్వి చూసిన నివేదిక. మనం వెతుకుతున్న మనిషి ఫైలే కావాలని పట్టుబట్టడం వల్ల ఏళ్లు వృథా అవుతాయి.

ప్రశ్న: అమెరికన్ బాంబర్ బి-17 ఫొటోలో తోక మీద ఉన్న నంబరు ఏ జాబితాలోనూ దొరకడం లేదు. ఎందుకు?

జవాబు: అమెరికన్ సీరియల్లో ముందు వచ్చేది కొనుగోలుకు డబ్బు కేటాయించిన ఆర్థిక సంవత్సరం. తోక మీద రాసేటప్పుడు ఆ సంవత్సరంలోని 4, మధ్య గీత వదిలేసేవారు. మెంఫిస్ బెల్ అనే పేరున్న బి-17 అసలు నంబరు 41-24485, తోక మీద ఉండేది 124485. మీ నంబరుకు ముందు 4 చేర్చి, రెండో అంకె తరవాత గీత పెట్టి వెతకండి.

నంబరు దొరికాక అడగాల్సింది మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్. 1943 నుంచి రాసిన ఈ రిపోర్టుల్లో సిబ్బంది పేర్లు, ఆఖరిసారి చూసినవాళ్ల మాటలతోపాటు ఇంజన్ల నంబర్లు, మెషిన్‌గన్ల నంబర్లు కూడా ఉంటాయి. మట్టిలోంచి వచ్చిన ఒక్క బ్రౌనింగ్ మెషిన్‌గన్ మీద నంబరు చదవగలిగితే కేసు దాదాపు ముగిసినట్టే. సెయింట్ లూయిస్‌లో 1973 జూలై 12న జరిగిన అగ్నిప్రమాదంలో సైనికుల సర్వీసు ఫైళ్లు చాలావరకు కాలిపోయాయి, నిజమే. కానీ మృతుల ఫైళ్లు వేరు. ఐడీపీఎఫ్ (ఇండివిడ్యువల్ డిసీజ్డ్ పర్సనెల్ ఫైల్) అని అడగండి. శవం ఎక్కడ దొరికింది, పళ్ల వివరాలేమిటి, ఎక్కడినుంచి ఎక్కడికి మార్చారు అన్నవన్నీ అందులో ఉంటాయి.

ప్రశ్న: లాంకాస్టర్‌లో ఏడుగురే కదా. నేను చూస్తున్న విమానం జాబితాలో ఎనిమిది పేర్లున్నాయి. నలుగురికి సమాధులున్నాయి, మిగతావాళ్ల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారక గోడ మీదున్నాయి. ఇదెలా?

జవాబు: పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, ఇద్దరు గన్నర్లు. ఎనిమిదోవాడు చాలాసార్లు రెండో పైలట్. సొంత సిబ్బందిని తీసుకెళ్లేముందు అనుభవం కోసం ఒకసారి వెంట పంపేవారు. స్క్వాడ్రన్ నంబరు 101 అయితే కారణం వేరు: జర్మన్ రేడియో మాటలు విని వాటిని చెడగొట్టే ఆపరేటర్ అందులో అదనంగా ఉండేవాడు.

సమాధులు కొన్నే ఉండటం నీళ్లలో పడ్డ విమానాలకు సహజం. లాంకాస్టర్ ఈడీ603 ఆ బోకుమ్ దాడి రాత్రే నెదర్లాండ్స్‌లోని ఐసెల్‌మేర్ సరస్సులో పడింది. నలుగురి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ముగ్గురు ఆచూకీ లేకుండా పోయారు. 2023లో శకలాలను పైకి తీశారు. సమాధి లేని 20,000 పైచిలుకు మంది పేర్లు చెక్కిన గోడ రన్నీమీడ్‌ది. అక్కడ పేరుందంటే మనిషి మాయమయ్యాడని కాదు, పేరు పెట్టగలిగిన సమాధి లేదని మాత్రమే. గుర్తు తెలియని వైమానికుడు అన్న రాయి కింద అతనే ఉండొచ్చు.

గుర్తింపులు ఎందుకు తప్పేవో చూడండి. ఆర్.ఏ.ఎఫ్. ఐడీ బిళ్లలు ఫైబర్‌వి, మంటల్లో మిగలవు. యుద్ధానంతరం మిస్సింగ్ రీసెర్చ్ అండ్ ఎంక్వైరీ సర్వీస్ వాళ్లు సమాధులు తవ్వి హోదా పట్టీలు, బట్టల మీద లాండ్రీ గుర్తులు, ఛాతీ మీద రెక్క బ్యాడ్జి చూసి తేల్చేవారు. బ్యాడ్జిలో ఏజీ అని ఉంటే గన్నర్ అనుకుంటాం. అయితే 1944లో సిగ్నలర్లకు విడిగా ఎస్ బ్యాడ్జి వచ్చేదాకా వైర్‌లెస్ ఆపరేటర్ కూడా ఏజీయే పెట్టుకునేవాడు. అంటే 1943 నాటి ఏడుగురిలో ముగ్గురికి అదే బ్యాడ్జి ఉండొచ్చు. నివేదికలో ఏజీ దొరికింది కాబట్టి తోక గన్నర్ అని రాసేసినవాళ్లు పప్పులో కాలేసినట్టే.

సమాధి వివరంలో కలెక్టివ్ గ్రేవ్ అని ఉంటే శరీరాలను విడదీయలేకపోయారని అర్థం. జర్మనీలోని రైష్‌వాల్డ్ లాంటి పెద్ద శ్మశానాలకు యుద్ధం అయ్యాక చుట్టుపక్కల ఊళ్లనుంచి తెచ్చినవే ఎక్కువ. కమిషన్ సైటులో పేరు కింద కాన్సంట్రేషన్ రిపోర్ట్ (శవాలను ఒక శ్మశానానికి చేర్చిన నివేదిక) అనే స్కాను ఉంటే తెరవండి. మొదట పూడ్చిన ఊరి పేరో మ్యాపు అంకెలో అందులో ఉంటాయి. విమానం కూలిన చోటు సాధారణంగా ఆ చుట్టుపక్కలే.

ప్రశ్న: దుక్కి దున్నిన పొలంలో దొరికిన అల్యూమినియం ముక్కలను బట్టి విమానం ఏదో చెప్పొచ్చా?

జవాబు: రకం చెప్పొచ్చు. ఫలానా విమానమని చెప్పడం చాలా అరుదు.

ముక్కను వైరు బ్రష్షుతో రుద్దొద్దు. సిరా ముద్రలు, రంగు పోతాయి. నీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో మట్టి తీసి, పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి చూడండి. అచ్చుగుద్దిన అంకెలు అప్పుడు తేలతాయి. విడిభాగం నంబరులో మొదటి అంకెలు డిజైనును చెబుతాయి. కన్సాలిడేటెడ్ కంపెనీ మోడల్ 32 అమెరికన్ బాంబర్ బి-24; కనుక దాని భాగాలు 32తో మొదలవుతాయి. బ్రిటిష్ బాంబర్ హాలిఫాక్స్ తొలి డిజైను హెచ్.పి.57, దాని భాగాల మీద 57. తరవాతి రకాల్లోనూ పాత డ్రాయింగు భాగాలే చాలా వాడారు కనుక 57 చూసి మార్క్ 1 (తొలి రకం) అనకండి. కిరీటం కింద ఏ.ఎం. అన్న ముద్ర, 6ఏ లేదా 10డీతో మొదలయ్యే నంబరు ఉంటే అది ఎయిర్ మినిస్ట్రీ స్టోర్సు వస్తువు. అదే మీటరు లాంకాస్టర్‌లోనూ ఉంటుంది, వెల్లింగ్టన్‌లోనూ ఉంటుంది. రకం తేల్చడానికి పనికిరాదు.

ఇంజను ముక్క దొరికితే ఇంకా మేలు. చేతి వెడల్పున, పక్కల్లో వింత ఆకారపు కంతలున్న పల్చటి ఉక్కు గొట్టం కనిపిస్తే అది స్లీవ్ వాల్వ్. బ్రిటిష్ బాంబర్లలో దాదాపుగా బ్రిస్టల్ హెర్క్యులిస్ ఇంజనే. అప్పుడు స్టిర్లింగ్, హాలిఫాక్స్ 3, లాంకాస్టర్ 2, కొన్ని వెల్లింగ్టన్లు మిగులుతాయి. మామూలు కవాటాలతో 'వి' ఆకారపు 12 సిలిండర్లయితే మెర్లిన్ ఇంజను. గుండ్రంగా ఒకే వరసలో 9 సిలిండర్లుంటే బి-17, రెండు వరసల్లో 14 ఉండి స్లీవులు లేకపోతే బి-24 అయ్యే అవకాశం ఎక్కువ. తూటా గొట్టం అడుగున సంవత్సరం చదవండి. 43 అని ఉంటే కూలింది 1943కు ముందు కాదు. తరవాత ఎప్పుడైనా కావచ్చు.

రకం, సంవత్సరం, చోటు మూడూ తెలిసినా ఒకే విమానం మిగలకపోవచ్చు. నెదర్లాండ్స్‌లో మార్కెర్‌మేర్ సరస్సు అడుగున 2008లో బయటపడ్డ స్టిర్లింగ్‌ను మొదట బీకే710 అనుకున్నారు. 1943 మార్చిలో బెర్లిన్ దాడినుంచి తిరిగి వస్తూ పోయిన బీకే716 అది అని తరవాత తేలింది. 2020లో పైకి తీశారు. ఒక్క అంకె తేడా, ఏడు కుటుంబాలు వేరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే సీరియల్‌ను చూపేదాకా కుటుంబానికి ఉత్తరం రాయకండి.

ప్రశ్న: జర్మన్ నైట్ ఫైటర్ పైలట్ కూల్చానని చెప్పిన సమయం, మా దగ్గరున్న సమయం రెండు గంటలు తేడా వస్తున్నాయి.

జవాబు: వేసవి దాడి అయితే తేడా అంతే రావాలి. నావిగేటర్లు గ్రీనిచ్ సమయం వాడేవారు. జర్మన్ వేసవి గడియారం దానికి 2 గంటలు ముందు. బ్రిటన్‌లో కూడా వేసవిలో డబుల్ సమ్మర్ టైమ్, అంటే అదీ 2 గంటలు ముందే. కనుక బ్రిటిష్ కాగితంలోని సమయం గ్రీనిచ్‌దా, గోడ గడియారానిదా అన్నది ముందు తేల్చండి. ఆ రాత్రి క్షేమంగా తిరిగొచ్చిన ఇంకో విమానం లేచిన సమయాన్ని పక్క స్క్వాడ్రన్ల పుస్తకాలతో పోలిస్తే తెలిసిపోతుంది. ఒకే బాంబర్‌ను ఇద్దరు పైలట్లు తమ ఖాతాలో వేసుకోవడం, నేల మీది విమాన విధ్వంసక ఫిరంగి దళం కూడా అదే చెప్పడం మామూలే. జర్మన్ క్లెయిమును దారి చూపే సూచనగానే తీసుకోండి, రుజువుగా కాదు.

ప్రశ్న: చోటు దొరికితే తవ్వొచ్చా?

జవాబు: వద్దు. బ్రిటన్‌లో 1986 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ మిలిటరీ రిమెయిన్స్ చట్టం ప్రకారం సైనిక సేవలో ఉండగా కూలిన ప్రతి విమానం చోటూ దానంతటదే రక్షిత స్థలం, శత్రువుది అయినా సరే. రక్షణ శాఖ లైసెన్సు లేకుండా ముక్క కదిలించడమూ నేరమే. మనిషి అవశేషాలు గానీ పేలని బాంబులు గానీ ఉండే వీలుంటే లైసెన్సు దాదాపుగా రాదు. భూమి యజమాని అనుమతి వేరే. నెదర్లాండ్స్‌లో 2019 నుంచి ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. ఆచూకీ లేని సిబ్బంది ఉన్న విమానాలను వాళ్లే తీయిస్తారు.

తవ్వకుండా చేయగలిగింది చాలా ఉంది. అనుమతి తీసుకుని మాగ్నెటోమీటర్‌తో నేలను గళ్లుగళ్లుగా కొలవొచ్చు. అది ఇనుమునే చూస్తుంది, అల్యూమినియాన్ని చూడదు. చక్రాల కాళ్లు, క్రాంక్‌షాఫ్ట్‌లు, కవచం పలకలు తెలుస్తాయి. నాలుగు బలమైన సంకేతాలు ఒక వరసలో వస్తే అవి ఇంజన్లు కావచ్చు. తోక టరెట్ (గన్నర్ కూర్చునే గూడు) విడిపోయి దూరంగా పడటం అరుదు కాదు కనుక అసలు గుంట చుట్టూ కూడా చూడాలి. ఎముకలా ఏదైనా కనిపిస్తే చేతులు వెనక్కి తీసి, ఫొటో, జీపీఎస్ అంకెలు మాత్రం తీసుకుని పోలీసులకు చెప్పండి. అమెరికన్లయితే కబురు చేరాల్సింది ఆచూకీ లేని సైనికులను వెతికే అమెరికా రక్షణ శాఖ సంస్థ డీపీఏఏకు. డీఎన్‌ఏ పోలికకు వాళ్లు ఎక్కువగా అడిగేది తల్లి వైపు బంధువుల నమూనా: చనిపోయినవాడి అక్కచెల్లెలి బిడ్డలు, ఆ బిడ్డల్లో కూతుళ్ల పిల్లలు. అన్నదమ్ముల బిడ్డలు ఈ మైటోకాండ్రియా పరీక్షకు పనికిరారు. వంశవృక్షం గీసేటప్పుడే ఆ కొమ్మను వెతికి పెట్టండి.

ప్రశ్న: కేంబ్రిడ్జ్ అమెరికన్ శ్మశానం గోడ మీద కొన్ని పేర్ల పక్కన చిన్న కంచు పువ్వు ఉంటుందట. ఎందుకు?

జవాబు: గోడ మీద పేరు చెక్కాక ఆ మనిషి దొరికాడు, గుర్తుపట్టారు అని. పేరు చెరపరు, పువ్వు చేరుస్తారు.