పాపకు మోనో వస్తే ఎమర్జెన్సీకి పరుగెత్తే ముందు ఇది చదవండి

తమ్ముడూ, అమెరికాలో పిల్లల్ని డేకేర్‌లో వేసిన మొదటి చలికాలం ఎవరికైనా ఇంతే. ముక్కు కారడం తగ్గేలోపు చెవిపోటు, అది తగ్గేలోపు చేతులకీ కాళ్లకీ పొక్కులు, ఇప్పుడు మీ పాపకు మోనో, అంటే జ్వరం, గొంతునొప్పి, మెడలో బిళ్లలు తెచ్చే వైరస్ జబ్బు. మీ పెంపకంలో లోపమేం లేదు. ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి దిష్టి తీయించండి, మంచిదే, కానీ ఖర్చు సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

మావాడికి మూడేళ్లప్పుడు వచ్చింది, డాలస్‌కి వచ్చిన కొత్తలో. శనివారం రాత్రి జ్వరం 102, మెడకు రెండు పక్కలా బిళ్లలు కట్టాయి. ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్సు నంబరు ఉంటుందని కూడా తెలియక నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. టైలనాల్ అనే జ్వరం మందు పోశారు, గొంతులో పుల్ల పెట్టి స్ట్రెప్ (బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పి) పరీక్ష చేశారు, చేతికో పాప్సికిల్ ఇచ్చి పంపారు. తర్వాత ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టరు బిల్లు విడిగా ఇంకొకటి! డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) నిండలేదు కాబట్టి మొత్తం మన జేబులోంచే, ఆ నెల నాన్నకు డబ్బు పంపలేకపోయాను.

అక్కడితో ఆగానా? ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న అమాక్సిసిలిన్ సిరప్ ఉందిగా అని పోశాను. మోనో వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్ పనిచేయదు, పైగా ఈ మందు వేస్తే చాలామందికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. మావాడికీ వచ్చాయి. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ రకమే కాబట్టి రికార్డులో 'పెన్సిలిన్ ఎలర్జీ' అని రాసేశారు, అది నిజం కాదని తేల్చుకోవడానికి మళ్లీ ఎలర్జీ డాక్టరు, మళ్లీ డబ్బు.

మీరైతే ముందు పిల్లల డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేయండి, రాత్రయినా చాలాచోట్ల నర్సు లైను ఉంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లల్లో మోనో ఉన్నా త్వరగా చేసే పరీక్షలో చాలాసార్లు దొరకదు, యాంటీబాడీల రక్తపరీక్ష రాస్తే ఆ ల్యాబ్ మీ ఇన్సూరెన్స్ ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌లో ఉందో లేదో అడిగాకే వెళ్లండి. చిన్నపిల్లల్లో ఇది ఎక్కువగా తేలిగ్గానే పోతుంది. నీళ్లు, విశ్రాంతి, బరువును బట్టి జ్వరం మందు, అంతే. ఆస్పిరిన్ మాత్రం వద్దు. ఎంగిలి ద్వారా అంటుకుంటుంది కాబట్టి ఒకే చెంచాతో అక్కకీ చెల్లికీ తినిపించకండి. పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం ఉబ్బి, దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదం ఉంది, డాక్టరు సరేననేదాకా ట్రాంపొలిన్ మీద గెంతే పుట్టినరోజు పార్టీలు మానేయండి.

అయితే ఎడమవైపు పొట్ట పైభాగంలో గట్టిగా నొప్పి వచ్చినా, ఊపిరి కష్టమైనా, ఒంటేలు ఆగినా బిల్లు గురించి ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మూడు నెలల్లోపు పసివాళ్లకైతే 100.4 జ్వరం చాలు.

డేకేర్‌కి మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉన్నాకే పంపాలన్నది మామూలు రూలు, మీ సెంటర్ కాగితాల్లో చూసుకోండి. పిల్ల ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఫీజు మాత్రం సాధారణంగా తగ్గించరు. బిల్లు రాగానే కంగారుపడి కట్టేయకండి, ఇన్సూరెన్స్ వాళ్ల ఈఓబీ (వాళ్లెంత కడతారో, మీరెంత కట్టాలో చెప్పే కాగితం) వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి సరిచూడండి. వడ్డీ లేకుండా వాయిదాల్లో కడతానంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు, నేను అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.