ఎలుకలో వెలిగే గడ్డ, ఆస్పత్రిలో స్కానింగ్: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్. బతికున్న ఎలుక ఒంట్లో రొమ్ము క్యాన్సర్ గడ్డ వెలుగుతున్న వీడియో చూసి, ఆ పనే చేస్తానంటోంది. బంధువులేమో స్కానింగ్ టెక్నీషియన్ కోర్సు చాలంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ కోర్సును తక్కువ చేయనక్కర్లేదండీ, త్వరగా సంపాదనలో పడొచ్చు. కానీ అది ఆస్పత్రిలో మిషన్ నడిపే పని. మీ అమ్మాయి చూసింది పరిశోధన.

మిణుగురులో వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ ఎంజైమ్ జన్యువును క్యాన్సర్ కణాల్లో పెట్టి, వాటిని ఎలుకకు ఎక్కిస్తారు. తర్వాత ఆ ఎంజైమ్ తాకితే వెలుగునిచ్చే లూసిఫెరిన్ అనే పదార్థాన్ని పొట్టలోకి సూదితో వేసి, మత్తిచ్చి, చీకటి పెట్టెలో పడుకోబెడతారు. గడ్డ నుంచి వచ్చే వెలుగు ఎంత సన్నగా ఉంటుందంటే, బాగా చల్లబరిచిన కెమెరా ఉంటేగానీ అందదు. ఎలుకను చంపకుండా వారం వారం అదే గడ్డను చూడగలగడమే ఇందులో గొప్ప. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు ఎలుకలో పెరగాలంటే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ కావాలి. టామాక్సిఫెన్ లాంటి మందు ఆ హార్మోన్ పనికి అడ్డుపడుతోందా లేదా అన్నది వెలుగు తగ్గడాన్ని బట్టి తెలుస్తుంది.

మనుషుల దగ్గర మిణుగురు కిటుకు కుదరదు, ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్ కావాలి. ఈస్ట్రోజన్‌ను పోలిన అణువుకు రేడియోధార్మికత ఉన్న ఫ్లోరిన్-18 తగిలించి చేసిన ఎఫ్‌ఈఎస్‌కు 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఫ్లోరిన్-18 దాదాపు 110 నిమిషాలకోసారి సగమైపోతుంది, పొద్దున చేసింది రాత్రికి పనికిరాదు. అందుకే ఈ రంగంలో బయాలజీ వాళ్లతోపాటు కెమిస్ట్రీ, ఫిజిక్స్ వాళ్లూ ఉంటారు.

ఇక దారి. గాట్-బి, ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షల్లో ఏదో ఒకటి రాసి ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధనకు ఫెలోషిప్ ఇప్పించే నెట్ జేఆర్‌ఎఫ్, పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్‌లో ఎలుకల ఇమేజింగ్ సదుపాయం ఉంది, పీహెచ్‌డీకీ తీసుకుంటారు. మొత్తమ్మీద ఏడెనిమిదేళ్ల ప్రయాణం. పెళ్లి టెన్షన్ ఇంట్లో ఉంటే ఇప్పుడే మాట్లాడుకోండి.

ఒక్క మాట ఆమెనే అడగండి: ఎలుక మెడ వెనక చర్మం పట్టుకుని సూది గుచ్చగలదా? వీడియోలో ఆ భాగం చూపించరు. ఈ వేసవిలో యానిమల్ హౌస్ (ప్రయోగాల ఎలుకల్ని ఉంచే చోటు) ఉన్న ల్యాబులో నెల రోజులు ప్రాజెక్టు చేయనివ్వండి. బంధువులకు జవాబు ఆ తర్వాత చెప్పొచ్చు.