ప్రకటన గ్రంథంలో ఇన్ని పాటలెందుకు?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మా సంఘంలో బుధవారం కూడికల్లో బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం చదువుతున్నాం. మృగం, 666, బూరలు, పాత్రలు అంటూ బోర్డు మీద చార్టులు వేసి చెబుతుంటే మా అత్తగారికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, నాకూ టెన్షనే. మధ్యమధ్యలో పరలోకంలో పాటలు వస్తాయి కదా, వాటిని మాత్రం స్తుతి భాగం అని గబగబా చదివేసి ముందుకు వెళ్లిపోతున్నాం. అసలవి అక్కడ ఎందుకున్నాయి?
– ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సిస్టర్, మీరు గబగబా దాటేస్తున్న ఆ పాటల కోసమే నేనైతే ఆ పుస్తకం తెరుస్తాను. జరిగేదంతా ఈ పుస్తకం రాసిన యోహాను దర్శనంలో చూస్తాడు, కానీ దాని అర్థం ఏమిటో చెప్పేది చాలాచోట్ల పాటే. వరుస చూడండి. దేవుని చేతిలోని గ్రంథపు చుట్టకున్న ఏడు ముద్రలు విప్పడం 6వ అధ్యాయంలో మొదలవుతుంది, దానికి ముందు 4, 5 అధ్యాయాల నిండా పాటలే. మొదట నాలుగు జీవులు "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అంటాయి (యెషయా 6లో సెరాపులు అన్న మాటే ఇది), తర్వాత ఇరవై నలుగురు పెద్దలు కిరీటాలు తీసి సింహాసనం ముందు వేసి పాడతారు, ఆ తర్వాత లెక్కలేనంతమంది దేవదూతలు, చివరికి ఆకాశంలో, భూమి మీద, భూమి కింద, సముద్రంలో ఉన్న ప్రతి జీవీ గొంతు కలుపుతుంది. అంటే ఒక్క తెగులు కూడా రాకముందే సింహాసనం మీద ఎవరున్నారో తేలిపోయింది. మీ అత్తగారికి ముందు ఈ రెండు అధ్యాయాలు నెమ్మదిగా చదివి వినిపించండి, చార్టులు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. 5వ అధ్యాయంలో యూదా గోత్రపు సింహం గెలిచిందని యోహాను వింటాడు, తీరా చూస్తే వధింపబడినట్టున్న గొర్రెపిల్ల, అంటే యేసే, కనబడుతుంది. సింహమేమిటి, గొర్రెపిల్ల ఏమిటి అని మనం తికమకపడేలోపే పాట వచ్చి చెబుతుంది: నువ్వు వధింపబడ్డావు, నీ రక్తంతో ప్రతి వంశంలో నుంచీ ప్రతి భాషలో నుంచీ మనుషుల్ని కొన్నావు, అందుకే నువ్వు యోగ్యుడివి అని. ఆయన గెలిచింది చంపి కాదు, చనిపోయి. ఈ పాట వదిలేసి యుద్ధాల అధ్యాయాలు చదివితే గొర్రెపిల్లను మనమే మళ్లీ సింహంగా మార్చేస్తాం, ప్రసంగాల్లో చాలాసార్లు జరిగేది అదే, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ పుస్తకం మొదట విన్నవాళ్లకు పాట చిన్న విషయం కాదు. దీన్ని ఒకటో శతాబ్దం చివర్లో డొమిషియన్ చక్రవర్తి కాలంలో రాశారని ఎక్కువమంది పండితులు అంటారు. ఈ పుస్తకం అందుకున్న ఏడు సంఘాల్లో ఒకటున్న పెర్గము పట్టణంలో అగస్టస్ కాలం నుంచీ చక్రవర్తికి గుడి ఉంది, ఆయన్ను కీర్తిస్తూ పాడటానికి ప్రత్యేకంగా ఒక గాయక బృందమే ఉండేది. అలాంటి ఊళ్లో కూర్చుని "మా ప్రభువా, మా దేవా, మహిమ పొందడానికి నువ్వే యోగ్యుడివి" అని పాడటం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడతారని చెప్పాడు. క్రైస్తవులం కాదన్నవాళ్ల చేత చక్రవర్తి విగ్రహానికి ధూపమూ ద్రాక్షారసమూ పెట్టించి పరీక్షించానని కూడా అందులోనే రాశాడు.

దేవదూతలు ఊదే ఏడు బూరల్లో చివరిదాని దగ్గర ఒకసారి ఆగండి (11:15). ఆరు బూరలకు ఆరు ఘోరాలు చూశాక ఇంకెంత ఘోరం వస్తుందోనని ఊపిరి బిగబట్టి ఉంటాం, అక్కడ వచ్చేది పాట! లోకరాజ్యం మన ప్రభువుదీ ఆయన క్రీస్తుదీ అయిందని.

అయితే ఎప్పుడూ హల్లెలూయ అనే ఉండాలా అంటే, లేదు. 6వ అధ్యాయంలో బలిపీఠం కింద ఉన్న హతసాక్షులు (విశ్వాసం కోసం చంపబడినవాళ్లు) "ఎందాక?" అని అరుస్తారు, వాళ్లను ఎవరూ గద్దించలేదు. 8వ అధ్యాయంలో పరలోకమే అరగంట మౌనంగా ఉంటుంది. కొత్త నిబంధన మొత్తంలో హల్లెలూయ అన్న మాట 19వ అధ్యాయంలోనే, నాలుగుసార్లు వస్తుంది, అదీ బబులోను పట్టణం కూలిపోయాక. ఆ సంతోషం చూసి కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. కానీ 18వ అధ్యాయంలో ఆ పట్టణం సరుకుల జాబితా చదవండి, బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. మనుషుల్ని అమ్ముకున్న సంత మూతపడితే వచ్చిన హల్లెలూయ అది, పక్కింటివాడు పాడైపోయాడని పాడింది కాదు.

ప్రశ్న: 14వ అధ్యాయంలోని కొత్త కీర్తన 1,44,000 మందికి తప్ప ఎవరికీ రాదని ఉంది. మరి మాలాంటివాళ్లం పాడలేమా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: బ్రదర్, 7వ అధ్యాయం కూడా కలిపి చదవండి. అక్కడ ముద్ర వేయబడిన దేవుని దాసుల సంఖ్య 1,44,000 అని విన్న వెంటనే యోహాను కళ్లెత్తి చూస్తే ఎవరూ లెక్కపెట్టలేని గుంపు కనిపిస్తుంది, ప్రతి జనం నుంచీ, ప్రతి భాష నుంచీ, చేతుల్లో ఖర్జూరపు మట్టలతో, వాళ్లూ పెద్ద గొంతుతో దేవుణ్ణీ గొర్రెపిల్లనీ స్తుతిస్తున్నారు. తాళాలు, తబలాతో మనం పాడుకునే తెలుగు కీర్తనకు కూడా అక్కడ చోటుంది. మీ కూడికలో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినండి, 1:3 చెప్పేది కూడా అదే పద్ధతి.