రాగి గనులున్న దేశంలో రోడ్డెందుకు లేదు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఆఫ్రికాలోని జాంబియా పల్లెల మీద వేసిన వ్యాసానికి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. మెచ్చుకున్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లూ ఉన్నారు. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి, ఎక్కువమంది అడిగిన వాటికి దగ్గరగా ఉన్న ఐదు తీసుకున్నాం.

ప్రశ్న: మా తమ్ముడు జాంబియాలో సోల్వెజీ దగ్గర రాగి గనిలో పని చేస్తున్నాడు. గని దాకా తారు రోడ్డు నున్నగా ఉంటుందట. పక్కకు మళ్లి కొంచెం దూరం పోతే వానాకాలంలో లారీలు దిగబడి రోజుల తరబడి అక్కడే ఉంటాయట. అంత రాగి తవ్వుకుంటూ ఊళ్లకు రోడ్లు వేసుకోకపోవడం ఏంటండీ? – ఒక సోదరి, హనుమకొండ

మీ తమ్ముడు చూసిన దాంట్లోనే సగం జవాబు ఉందక్కా. అక్కడ ఇంగ్లీషు దొరల కాలం నుంచీ రైలైనా రోడ్డైనా వేసింది ముందు గని కోసమే. దక్షిణం నుంచి వచ్చిన రైలు పట్టాలు 1906లో కాబ్వే గనుల దాకా చేరాయి, ఇంకో మూడేళ్లకు రాగి ప్రాంతానికి చేరాయి. పట్నాలు, బళ్లు, ఆస్పత్రులు ఆ పట్టాల పక్కనే లేచాయి, పట్టాలకు దూరంగా ఉన్నవాళ్లు దూరంగానే ఉండిపోయారు. 1964లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. ఖనిజం కోసం రోడ్డు ఎలా వస్తుందో, ఆ రోడ్డు ఊళ్లోకి ఎందుకు తిరగదో భూపాలపల్లి, గోదావరిఖని వాళ్లకు నేను విప్పి చెప్పక్కర్లేదు.

రెండోది లెక్క. జాంబియా విస్తీర్ణం 7.52 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం 2022 లెక్కల ప్రకారం 2 కోట్లకు కాస్త తక్కువ. మన తెలంగాణ 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు, 2011 నాటికే 3.5 కోట్ల జనం. అంటే మనకు ఆరున్నర రెట్లకు పైగా పెద్ద దేశంలో మనలో సగం కంటే కొంచెం ఎక్కువమంది అక్కడక్కడా విసిరేసినట్టు బతుకుతున్నారు. ఇక్కడ పది కిలోమీటర్ల రోడ్డు వేస్తే మూడు నాలుగు ఊళ్లు, వాటి తండాలు బాగుపడతాయి. అక్కడ అంతే రోడ్డు వేస్తే ఒక్కోసారి నలభై ఇళ్లకు కూడా అందదు, ఖర్చు మాత్రం అంతే. పైగా పశ్చిమ జాంబియాలో నేలంతా కలహారి ఇసుక, రోడ్డుకు వేయడానికి రాయి దొరకదు, దూరం నుంచి తోలుకోవాలి. అక్కడే జాంబెజీ నది వరద మైదానం మీదుగా మోంగు నుంచి కలాబోకు 2016లో ఒక రోడ్డు ప్రారంభించారు. దూరం దాదాపు 34 కిలోమీటర్లే, వంతెనలే 26!

ఊరికి 2 కిలోమీటర్ల లోపల ఏడాది పొడవునా నడిచే రోడ్డు ఉందా లేదా అని ప్రపంచ బ్యాంకు ఒక లెక్క వేస్తుంది. 2016 నాటి లెక్కలో జాంబియా పల్లె జనంలో అలాంటి రోడ్డు ఉన్నది 17 శాతం మందికే, అదే లెక్కలో కెన్యాకు 56, ఉగాండాకు 53. పేదరికం కూడా ఈ గీత వెంబడే నడుస్తుంది. 2022 సర్వేలో పట్నాల్లో పేదలు 31.9 శాతం, పల్లెల్లో 78.8 శాతం.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది వేసిన రోడ్డును చూసుకోకపోవడం. అక్కడ ఎక్కువగా ఉండేవి మన మొరం రోడ్ల లాంటివే. వానలు నవంబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. రోడ్డు నడుమ కొంచెం ఎత్తుగా ఉండి, పక్కల కాలువలు తీసి ఉంటే నీళ్లు జారిపోతాయి, మొరం నిలుస్తుంది. కాలువ పూడిపోయిందంటే నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి, బరువైన లారీ ఒకటి తిరిగితే చాలు, రెండు వానాకాలాల్లో లక్షల రూపాయల రోడ్డు మళ్లీ బండ్ల బాట అవుతుంది. కొత్త రోడ్డుకు కొబ్బరికాయ కొట్టడానికి నాయకులు వస్తారు, కాలువ పూడిక తీయడానికి ఎవరు వస్తారు? ఇది ఒక్క జాంబియా గొడవ కాదనుకోండి.

రోడ్డు లేకపోతే రైతుకు ఏమవుతుందో కూడా చెప్పాలి. మక్కలు కొనడానికి ప్రభుత్వ సంస్థ ఉంది, ధర కూడా ప్రకటిస్తుంది, కానీ సరుకు దాని డిపో దాకా చేరాలి కదా. చేర్చలేనివాడి గుమ్మం దగ్గరికి బ్యాగు పట్టుకుని చిల్లర వ్యాపారి వస్తాడు. వాళ్లను అక్కడ బ్రీఫ్‌కేస్ బయ్యర్లు అనే అంటారు. వాడు చెప్పిందే రేటు. వరంగల్ ఎనుమాముల యార్డుకు మిర్చి తేలేక ఊళ్లోనే దళారికి అమ్ముకున్న రైతుకు ఆ కోత ఎంతో తెలుసు. ఎరువు బస్తాల మీద సబ్సిడీ ఉంది, అవీ ఒక్కోసారి వానలు పడ్డాక, బాట బురదయ్యాక వస్తాయని రైతులు మొత్తుకుంటారు.

ప్రశ్న: జాంబియా అంటే ఎడారి దేశమా? అక్కడివాళ్లు ఏం తింటారు? – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

ఎడారి కాదు తమ్ముడూ. చాలా భాగం వెయ్యి మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. జూన్, జూలైలో రాజధాని లుసాకాలో స్వెట్టర్ వేసుకోవాలి. తినేది ఎన్‌షీమా. మక్క పిండిని ఉడికే నీళ్లలో వేసి గట్టిగా కలిపి ముద్ద చేస్తారు. మన మక్క గటక తిన్నవాళ్లకు కొత్తగా ఏం అనిపించదు. పక్కన ఆకుకూరను పల్లీల పొడితో వండి పెడతారు, లేదంటే కపెంటా అనే చిన్న ఎండు చేపలు. 2024లో వానలు మొహం చాటేసి మక్క పంట ఘోరంగా దెబ్బతింటే ప్రభుత్వం జాతీయ విపత్తు అని ప్రకటించింది.

ప్రశ్న: మేం నర్సంపేటలో పదో తరగతి కలిసి చదివిన బ్యాచ్. మా క్లాస్‌మేట్ ఒకడు జాంబియాలో టీచర్. అక్కడి ఒక పల్లెకు పాత బట్టలు, పుస్తకాలు కంటైనర్‌లో పంపాలని కొందరం, బోరింగు వేయించాలని కొందరం అనుకుంటున్నాం. గ్రూపులో పెద్ద గొడవైంది. మీరే తీర్పు చెప్పాలి. – నర్సంపేట మిత్రులు

తీర్పు సులువే. బట్టలు వద్దు. అమెరికా, యూరప్ నుంచి బేళ్లకు బేళ్లు పాత బట్టలు అక్కడికి ఎప్పటి నుంచో వస్తున్నాయి, సలావులా అనే పేరుతో అవి ప్రతి ఊరి సంతలోనూ కుప్పలుగా ఉంటాయి. మీరు పంపే చొక్కా ధర కంటే దాని ఓడ కిరాయి, రేవు నుంచి లారీ కిరాయి ఎక్కువవుతాయి. జాంబియాకు సముద్రమే లేదు, పక్క దేశం రేవులో దించి వందల కిలోమీటర్లు తోలాలి. పుస్తకాలైతే మన తెలుగు గైడ్లు వాళ్లేం చేసుకుంటారు!

బోరింగు సంగతి వేరు, అందులో మీకు తెలియని మన చుట్టరికం ఒకటుంది. జాంబియా పల్లెల్లో బాగా కనిపించే చేతి పంపు పేరు ఇండియా మార్క్ టూ. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే తయారైంది. మన బడి ముందు, గుడి ముందు మనం కొట్టిన బోరింగు అదే. గట్టిది, ఊరంతా రోజంతా కొట్టినా తట్టుకుంటుంది. కానీ లోపల వాషర్ అరిగితే పైపులన్నీ పైకి లాగాలి, దానికి మనుషులు కావాలి, పానాలు కావాలి, తెలిసిన మెకానిక్ కావాలి. నీళ్లలో ఆమ్ల గుణం ఉంటే ఇనుప పైపులు తుప్పు పట్టి ఎర్ర నీళ్లు వస్తాయి. ఆఫ్రికాలో ఏ రోజు చూసినా నాలుగు పంపుల్లో సుమారు ఒకటి చెడిపోయి ఉంటుందని అంచనా. వాటిలో చాలావాటి మీద దాత పేరున్న పలక మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది.

అందుకని కొత్త బోరింగు కంటే ముందు మీ స్నేహితుణ్ని ఒక్క మాట అడగమనండి: చుట్టుపక్కల చెడిపోయిన పంపులెన్ని, అవి ఎందుకు బాగు కాలేదు? జాంబియాలో ఏరియా పంప్ మెండర్ అని ఉంటారు, కొన్ని ఊళ్లకు కలిపి శిక్షణ పొందిన మెకానిక్. ఆయనకు పానాల సెట్టు లేకపోవచ్చు, పైపులు మోయడానికి బండి లేకపోవచ్చు, విడి భాగాలు జిల్లా పట్నంలో తప్ప దొరక్కపోవచ్చు, ఇంటింటికీ వేసుకునే నెల చందా ఎప్పుడో ఆగిపోయి ఉండవచ్చు. కొత్త బోరు తవ్వే డబ్బుతో అలాంటివి ఎన్నో సరి చేయవచ్చు. ప్రారంభోత్సవం ఫొటో రాదు, అంతే తేడా.

సైకిళ్లు ఇంకో మంచి దారి. బడికి గంటల తరబడి నడిచే ఆడపిల్లలకు జాంబియాలో బఫెలో అనే బరువైన, మోటు సైకిల్ ఇస్తున్నారు, వెనక క్యారేజీ మీద క్వింటా బరువు వేసుకోవచ్చు. దీని మీద జరిగిన పరిశోధనలో బడికి పోయే సమయం మూడో వంతు తగ్గింది, బడి ఎగ్గొట్టడం నాలుగో వంతుకు పైగా తగ్గింది. బిహార్ ఆడపిల్లల సైకిల్ పథకం మీద పని చేసిన నిషిత్ ప్రకాశ్ ఈ పరిశోధనలోనూ ఉన్నారు, అంటే మన దగ్గర చూసిందే అక్కడ ఉపయోగపడింది. నాకు నచ్చింది సైకిల్ కాదు, దాని వెనక ఏర్పాటు. సైకిల్ ఎవరికివ్వాలో బడి, ఊరు కలిసి ఉన్న కమిటీ చూస్తుంది, దగ్గర్లోనే ఒకరికి రిపేరు నేర్పించి పనిముట్లు ఇస్తారు, విడి భాగాలు అమ్మే చోటు ఉంటుంది. రోడ్డు వచ్చేదాకా ఆగకుండా ఉన్న బాట మీదే పని జరుగుతుంది.

మీ బ్యాచ్‌లో ఆడవాళ్లున్నారు కదా, వాళ్లకు డ్వాక్రా లెక్కలు తెలిసే ఉంటాయి. అక్కడా పొదుపు సంఘాలున్నాయి. 1991లో నైజర్ దేశంలో కేర్ అనే సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఆఫ్రికా అంతా పాకింది. ఇరవై ముప్పై మంది కలిసి వారం వారం పైసలు వేస్తారు, ఇనుప పెట్టెకు మూడు తాళాలు, ముగ్గురి దగ్గర మూడు చెవులు. సంవత్సరం చివర వడ్డీతో సహా పంచుకుని మళ్లీ మొదలుపెడతారు. మనకు బ్యాంకు లింకేజీ ముఖ్యం, వాళ్లకు బ్యాంకే దూరం కాబట్టి పెట్టే బ్యాంకు. పక్కన ఆపద నిధి అని వేరే డబ్బు ఉంచుతారు. అర్ధరాత్రి నొప్పులొస్తే బండి కిరాయికి అక్కరకొచ్చేది అదే. ఇలాంటి సంఘానికి బయటి నుంచి డబ్బు పోస్తే మాత్రం చెడుతుంది, తమ పైసలు కానప్పుడు అప్పు తీర్చాలన్న పట్టింపు ఉండదు. మీరు పెట్టె, పుస్తకాలు, నేర్పించే మనిషి ఖర్చు ఇస్తే చాలు.

డబ్బు ఎలా పంపాలి అంటే, విడిగా ఒక వ్యక్తి బ్యాంకు ద్వారా విదేశానికి విరాళం పంపడానికి రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) పద్ధతిలో అనుమతి ఉంది. విదేశీ సంస్థకు ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. బ్యాచ్ పేరుతో రిజిస్టరైన సొసైటీ ఉంటే దాని డబ్బు పంపే ముందు ఆడిటర్‌ని తప్పకుండా అడగండి. మీ క్లాస్‌మేట్ సొంత ఖాతాకు మాత్రం వేయకండి, ఆయన మంచివాడే కావచ్చు, రేపు లెక్క దగ్గర స్నేహం పోతుంది. బడి కమిటీ ఖాతాకో, అక్కడ రిజిస్టరైన సంఘానికో పంపి రసీదు అడగండి.

ప్రశ్న: ఆఫ్రికాలో రోడ్లన్నీ చైనావాడే వేసి అప్పుల్లో ముంచుతున్నాడట, నిజమేనా? – మంచిర్యాల

సగం నిజం. చైనా కంపెనీలు చాలా రోడ్లు వేశాయి, వేస్తున్నాయి. చైనా అప్పుతో 1970–75 మధ్య కట్టిన టజారా రైలు మార్గం కూడా ఉంది, 1,860 కిలోమీటర్లు. అప్పట్లో తెల్లవాళ్ల పాలనలో ఉన్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీదుగా రాగి పంపే దారి మూసుకుపోతే టాంజానియా రేవుకు దారి చేసింది అదే. కానీ జాంబియా 2020 నవంబర్‌లో కట్టలేక చేతులెత్తేసింది యూరోబాండ్ల వడ్డీ, అవి పెట్టుబడిదారులు మార్కెట్లో కొన్న బాండ్లు. చైనాకు బాకీ పెద్దదే, అప్పు పెట్టింది చైనా ఒక్కటే కాదు.

ప్రశ్న: మా గూడేనికి వాగు మీద బ్రిడ్జి లేదు. వానాకాలంలో నెలలు నిండిన ఆడమనిషిని మంచం మీద మోసుకుని దాటిస్తాం. మీకు ఆఫ్రికా రోడ్లు కనబడ్డాయి, మేం కనబడలేదా? – ములుగు జిల్లా పాఠకుడు

మీ కోపం న్యాయమైనదే అన్నా. జాంబియాలో అలాంటి ఊళ్ల వాళ్లు చేసే ఒక పని మీకూ పనికొస్తుందేమో చూడండి. నెలలు నిండకముందే గర్భిణి ఆస్పత్రి పక్కనే ఉన్న వసతి గదుల్లోకి వచ్చి కాన్పు దాకా అక్కడే ఉంటుంది. ఎవరికి ఎప్పుడు నెలలు నిండుతాయో లెక్క పెట్టి చెప్పే వాలంటీర్లు చాలా ఊళ్లలో ఉన్నారు. దాంట్లో చిక్కూ ఉంది: తిండి ఇంటి నుంచే తెచ్చుకోవాల్సి రావడం, ఇంటి దగ్గర పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడం. మీ ఆశ కార్యకర్త, ఏఎన్‌ఎం కలిసి జూన్‌లోనే లిస్టు రాసి, వాగు పొంగే లోపల ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చుకుంటే మంచం మోసే గండం కొంత తప్పుతుంది. బాటలో దిగబడే చోట్లకు కెన్యా పల్లెల్లో జపాన్ పద్ధతి ఒకటి వాడుతున్నారు, సంచుల్లో మట్టో మొరమో నింపి, మూతి కట్టి, వరుసగా పేర్చి దిమ్మిస కొడతారు, పైన మళ్లీ మొరం పోస్తారు. యంత్రం అక్కర్లేదు. వాగుకు మాత్రం అది చాలదు, అక్కడ బ్రిడ్జే కావాలి.

బ్రిడ్జి, రోడ్డు దగ్గర మీకు అడ్డం వచ్చే మాట ‘అటవీ భూమి’ అయి ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదివించుకోండి. రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటి అవసరాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టనక్కర్లేకపోతే, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చు. ఢిల్లీ దాకా ఫైలు పోనక్కర్లేదు, జిల్లా అటవీ అధికారి స్థాయిలోనే తేలుతుంది. ఇక నిధులు. 2024లో ఆమోదం పొందిన నాలుగో విడత ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతాలకు 500 జనాభా ఉండాలి, ఐదో షెడ్యూల్ గిరిజన ప్రాంతాలకు 250 చాలు, తీవ్రవాద ప్రభావిత జిల్లాలుగా గుర్తించిన చోట 100 చాలు. మీ గూడెం ఏ లెక్కలోకి వస్తుందో పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పక్క గూడెం జనాభాను కలిపి చూపించే వీలుందేమో కూడా అడగండి, చిన్న గూడేలు ఎక్కువగా ఆ లెక్క దగ్గరే జాబితా నుంచి జారిపోతాయి. గ్రామసభ తీర్మానం నకలు, వాగు పొంగినప్పుడు తేదీ కనబడేలా తీసిన ఫొటోలు మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం.