వెంకటగిరి చీరల వెబ్‌సైట్ పెట్టబోతున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

పశ్చిమ మాంబళం, చెన్నై.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఆదివారం పొద్దున మీ అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. బెంగళూరులో నీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావనీ, వెంకటగిరిలో ఆరు మగ్గాల వాళ్లతో మాట్లాడుకుని, వారు నేసిన చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మబోతున్నావనీ చెప్పింది. చెబుతూ చెబుతూ రెండుసార్లు ఆగింది. అది ఏడుస్తోందో మురిసిపోతోందో నాకు తెలియలేదు, బహుశా దానికీ తెలియదు. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. ఆ తరువాత మీ అమ్మ యథాలాపంగా చెప్పిన రెండు సంగతులు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఏఐ చేత నెల రోజుల్లో మూడు వందల వ్యాసాలు రాయించి సైట్ నింపబోతున్నావన్నది ఒకటి. మూడు నెలల్లో గూగుల్‌లోనూ చాట్‌జీపీటీ జవాబుల్లోనూ నీ పేరే మొదట వచ్చేలా చేస్తామని చెప్పిన ఏజెన్సీకి అడ్వాన్సు ఇవ్వబోతున్నావన్నది రెండవది. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే, ఈ ఉత్తరం పూర్తిగా చదివేవరకు ఇవ్వకు.

నీకు తెలిసిన వాటిని త్వరగా దాటేస్తాను. సాధారణ ఫోన్‌లో, బలహీనమైన నెట్‌వర్క్‌లో కూడా పేజీ రెండు మూడు సెకన్లలో తెరుచుకోవాలి. ప్రతి పేజీ శీర్షిక లోపల ఉన్న విషయాన్నే సూటిగా చెప్పాలి. సైట్‌లోని పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్ పెట్టు, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో నమోదు చెయ్యి. మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో కూడా తప్పక నమోదు చెయ్యి, ఎందుకంటే చాట్‌జీపీటీ వెతుకులాటలో వాడుకునే వనరుల్లో బింగ్ ఒకటి.

డొమైన్, అంటే సైట్ చిరునామా పేరు, సంగతి మాత్రం ఇలా దాటేయలేను. అది నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో, నీ కార్డుతోనే కొనాలి. సైట్ కట్టేవాడు ఎంత మంచివాడైనా పాస్‌వర్డు నీ దగ్గరే ఉండాలి. పేరు వేరొకరి చేతిలో ఉండిపోయి, నడుస్తున్న వ్యాపారాన్ని కొత్త చిరునామాతో మొదటినుంచి మొదలుపెట్టుకున్నవాళ్లను నేను చూశాను. ఇది ఈ రోజే సరిచూసుకో.

ఇప్పుడు ఒక పాత సంగతి చెబుతాను. మీ అమ్మకు కూడా దీన్ని పూర్తిగా చెప్పలేదు.

2010లో నేను ఇక్కడ ఒక చిన్న వెబ్ సంస్థలో పని చేసేదాన్ని. పురసవాక్కంలో ఇత్తడి, కంచు సామాను అమ్మే దంపతులు మా దగ్గరకు వచ్చారు. తెలుగువాళ్లే, మూడు తరాలుగా మద్రాసులో ఉంటున్నారు. దీపాలు, గంటలు, వంట గిన్నెలు విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పంపాలని వారి కోరిక. ఆ రోజుల్లో గూగుల్‌లో పైకి రావడానికి అందరికీ తెలిసిన దారి లింకులు. ఒక సైట్ మరొక సైట్‌కు లింకు ఇస్తే గూగుల్ దాన్ని ఒక మెచ్చుకోలుగా లెక్కవేసేది. పేజీల విలువను గూగుల్ తూచే పేజ్‌ర్యాంక్ పద్ధతికి ఆధారమే అది. మెచ్చుకోలును డబ్బుకు కొనవచ్చని లోకం త్వరలోనే కనిపెట్టింది, నేనూ కనిపెట్టాను. వ్యాసాల డైరెక్టరీలలో, ఎవరూ చదవని వందల పేజీలలో, ఒకే మాటల కింద ఆ దంపతుల సైట్‌కు లింకులు పెట్టించాను. ఏడాది తిరిగేసరికి వారు మొదటి పేజీలోకి వచ్చారు. ఆర్డర్లు పెరిగాయి. వారు ఒక గోదాము అద్దెకు తీసుకుని, నలుగురు మనుషులను పెట్టుకుని, దీపావళి సరుకు కోసం అప్పు చేశారు. ఆయన మిఠాయి పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

2012 ఏప్రిల్ 24న గూగుల్ తన ఫలితాల వరుసను లెక్కవేసే పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పును తెచ్చింది. అది వెతికి పట్టుకున్నది సరిగ్గా నేను చేసిన పనినే. వారంలోపల ఆ సైట్ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆయన ఫోన్ చేసి అడిగితే, గూగుల్‌లో ఏదో లోపం వచ్చింది, నెలలో సర్దుకుంటుంది అన్నాను. అది అబద్ధమని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. ఆ మాట నమ్మి ఆయన గోదాము ఖాళీ చేయకుండా నిలుపుకున్నాడు. నిజం ఆనాడే చెప్పి ఉంటే ఆ అద్దెలయినా మిగిలేవి.

తరువాత నేను చేసిందంతా ప్రాయశ్చిత్తమే. ఆ లింకులు తీసివేయమని ముక్కూ మొహం తెలియని సైట్ల వాళ్లను పేరుపేరునా వేడుకుంటూ రాశాను. తీసివేయడానికి కొందరు డబ్బు అడిగారు. 2012 అక్టోబరులో, ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకునే సాధనాన్ని గూగుల్ ఇచ్చింది. మిగిలినవన్నీ జాబితా కట్టి అందులో పెట్టాను. అయితే ఆ రోజుల్లో పెంగ్విన్ లెక్కలు ఎప్పుడో ఒకసారి మాత్రమే తిరగరాసేవారు. 2013 మేలో ఒకసారి, అక్టోబరులో మరోసారి తిరగరాశారు, మా శుభ్రత అప్పటికి పూర్తి కాలేదు. ఆ తరువాతది వచ్చేసరికి 2014 అక్టోబరు అయింది. సైట్ కొంత కోలుకుంది గానీ, అప్పటికి గోదామూ లేదు, ఆ నలుగురూ లేరు.

చివరిసారి వారి ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాఫీ ఇచ్చి, "అన్ని వందల చోట్ల మా దీపాల గురించి ఏమని రాశారమ్మా?" అని అడిగింది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే ఎక్కడా ఏమీ రాయలేదు. కంచు గిన్నెను వేలితో మీటి, మోగే తీరును బట్టి పోత మంచిదో కాదో ఆయన చెప్పేవాడు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు ఎందుకు పెట్టకూడదో, పాత దీపానికి పట్టిన చిలుమును దేనితో తోమాలో ఆవిడకు తెలుసు. రెండేళ్లు వారి డబ్బు తీసుకుని, వారికి తెలిసినదానిలో ఒక్క వాక్యం కూడా నేను వారి సైట్‌లో పెట్టలేదు.

బుజ్జీ, నీ మూడు వందల వ్యాసాలు వినగానే నాకు ఆ వందల లింకులే గుర్తుకు వచ్చాయి. ఏఐ సాయం తీసుకోవడం తప్పని నేను అనడం లేదు, గూగుల్ కూడా అనడం లేదు. చదివేవారికి కొత్తగా ఏమీ ఇవ్వకుండా, కేవలం వెతుకులాటలో పైకి రావడానికి పేజీలను కుప్పలుగా పోయడాన్ని మాత్రం, వాటిని మనిషి రాసినా యంత్రం రాసినా, 2024 మార్చిలో స్పామ్ నిబంధనల కింద చేర్చారు. నీ వెనుక ఆరు మగ్గాలున్నాయి, వాటి మీద ఆరు ఇళ్లున్నాయి. నీ సైట్ ఒక్క రోజులో మాయమైతే నువ్వు మళ్లీ ఉద్యోగం వెతుక్కోగలవు. నీ మాట నమ్మి నూలు కొనుక్కున్నవాడు ఏం చేస్తాడు?

ఆ ఏజెన్సీ మాట కూడా ఇలాంటిదే. జవాబులో ఎవరి పేరు చెప్పాలో ఆ యంత్రం అడిగినప్పుడల్లా కొత్తగా ఎంచుకుంటుంది. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెప్పగలదు. అటువంటి చోట మొదటి స్థానానికి ఎవరు హామీ ఇవ్వగలరు? వెతికినప్పుడు ఫలితాలతో పాటు గూగుల్ చూపే ఏఐ సారాంశాలు, అంటే ఏఐ ఓవర్‌వ్యూలు, మన దేశానికి 2024 ఆగస్టులో వచ్చాయి. వాటిలో కనిపించడానికి ప్రత్యేకమైన ట్యాగులేవీ అక్కర లేదని, పేజీ మామూలు సెర్చ్ ఇండెక్స్‌లో, అంటే వెతుకులాట కోసం గూగుల్ కట్టుకున్న పేజీల జాబితాలో, ఉండి, దాని నుంచి కొంత భాగాన్ని చూపడానికి నువ్వు అడ్డు చెప్పకుండా ఉంటే చాలునని గూగులే రాసి పెట్టింది. మామూలు గూగుల్ వెతుకులాటకూ ఏఐ జవాబులకూ పునాది ఒక్కటే కనుక రెండు ఖర్చులు పెట్టనవసరం లేదు.

తేడా ఎక్కడుందంటే, ఈ కొత్త యంత్రం ఒక పెద్ద ప్రశ్నను తనలో తాను చిన్న చిన్న ప్రశ్నలుగా విడదీసుకుని వెతుకుతుంది. "అమ్మకు షష్టిపూర్తికి ఎండాకాలంలో కట్టుకునే మంచి నేత చీర ఏది" అని ఒకరు అడిగితే, తేలికగా ఉండేవి ఏవి, ఎంత ధర, మగ్గం మీద నేసిందని ఎలా గుర్తుపట్టాలి అని అది వేర్వేరుగా వెతుకుతుంది. అందువల్ల నీ పేజీలో ప్రతి భాగమూ ఒక ప్రశ్నకు తనంతట తాను జవాబు చెప్పేలా ఉండాలి. ప్రశ్నను శీర్షికగా పెట్టి, మొదటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, కారణాలు ఆ తరువాత చెప్పు. "ఇది", "పైన చెప్పినట్లు" అని కాకుండా "వెంకటగిరి నూలు చీర" అని పేరు పెట్టి రాయి, ఎందుకంటే ఆ ఒక్క పేరానే తీసుకుని వెళ్లి వేరొక చోట చూపిస్తారు. ఏఐ జవాబుల్లో ఎటువంటి రాత ఎక్కువ కనిపిస్తుందో ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ తదితర సంస్థల పరిశోధకులు పరీక్షించి 2023లో ఒక పత్రం వెలువరించారు. అంకెలు, ఆధారాలు, తెలిసినవారి మాటలు చేర్చిన పేజీలు మెరుగుపడ్డాయి. ఒకే కీలకపదాన్ని పదే పదే కుక్కడం వల్ల మేలు కలగలేదు.

కాబట్టి అంకెలు మగ్గం దగ్గరే సంపాదించు. చీరకు ఏ కౌంటు నూలు, పడుగు పోయడానికి ఎన్ని రోజులు, నేయడానికి ఎన్ని రోజులు, బుటా పెరిగితే రోజుకు ఎంత తగ్గుతుంది, ఇవన్నీ నేసేవాళ్ల నోటి నుంచి విని రాసుకో. బట్టను వెడల్పుగా పట్టి ఉంచే కర్ర మొనలు చేనేత చీర అంచుల్లో సన్నని రంధ్రాలు వదులుతాయి. దాన్ని దగ్గరగా ఫోటో తీసి, పక్కన మరమగ్గం చీర అంచు పెట్టి చూపించు. ఈ ఒక్క పేజీ నీ మూడు వందల వ్యాసాల కంటే విలువైనది. గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో స్వానుభవం అనే అంశాన్ని కొత్తగా చేర్చింది. అందుకే, రాసింది ఎవరో, ఏ మగ్గం దగ్గర ఏ నెలలో చూసి రాశారో ప్రతి పేజీలోనూ చెప్పు.

ధర, కొలతలు, ఉతికే విధానం బొమ్మ మీద అక్షరాలుగా పెట్టకు. వాట్సాప్ పోస్టర్లకు అలవాటుపడిన వాళ్లు ఈ పని చేస్తున్నారు. నాకు ఈ విషయంలో భయం పాతది. డీటీపీ రోజుల్లో మేము తెలుగును ఇంగ్లీషు అక్షరాల కోడ్ మీద గీసిన ఫాంట్లలో టైపు చేసేవాళ్లం. తెరమీద చక్కని తెలుగే కనిపించేది, సెర్చ్ ఇంజిన్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు అందేవి. ఎన్ని మంచి రాతలు అలా ఎవరికీ దొరకకుండా పోయాయో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. వేసవి సెలవులకు మాంబళం వచ్చినప్పుడు, నీకు ఎనిమిదేళ్లు, నా ఒడిలో కూర్చుని, తెలుగు అక్షరాలకు సొంత కోడ్ ఉన్న యూనికోడ్‌లో నీ పేరు టైపు చేసి, గూగుల్‌లో వెతికి, "పెద్దమ్మా, నేను లేను" అని ఏడ్చావు. ఆ మర్నాడే నీ పేరుతో ఒక పేజీ పెట్టాను. అది కనిపించేదాకా రోజూ నన్ను వేధించావు.

అలాగే జావాస్క్రిప్ట్, అంటే పేజీ తెరిచాక బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం, నడిస్తే తప్ప ధర కనబడని పద్ధతిలో సైట్ కట్టించకు. గూగుల్ దాన్ని నడిపి చూస్తుంది, పేజీలను చదివి తీసుకుపోవడానికి వచ్చే ఏఐ ప్రోగ్రాములు, అంటే క్రాలర్లు, చాలావరకు నడపవు. ఏ క్రాలర్ రావచ్చో ఏది రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో ఆవేశపడి అందరినీ ఆపేయకు. చాట్‌జీపీటీ వాళ్ల క్రాలర్లలో జీపీటీబాట్ యంత్రానికి శిక్షణ ఇవ్వడం కోసం వస్తుంది, ఓఏఐ-సెర్చ్‌బాట్ వెతుకులాట కోసం వస్తుంది. మొదటిదాన్ని ఆపడం నీ ఇష్టం, రెండవదాన్ని ఆపితే చాట్‌జీపీటీ వెతుకులాట జవాబుల్లో నీ పేజీ కనిపించదు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 జూలైలో ప్రకటించిన లెక్క ప్రకారం, గూగుల్‌లో ఏఐ సారాంశం కనిపించినప్పుడు మామూలు ఫలితాల మీద నొక్కిన సందర్భాలు 8 శాతం, కనిపించనప్పుడు 15 శాతం. అంటే నీ మాట చదివి, నీ దగ్గరకు రాకుండానే వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. సెర్చ్ మీదే ఇల్లు గడవాలని లెక్క వేసుకోకు. కొన్నవారి ఫోన్ నంబర్లు వారి అనుమతితో దాచుకో, కొత్త చీర మగ్గం దిగినప్పుడు నువ్వే చెప్పు. ఒక ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకున్నావా? మీ అమ్మ అడగడానికి మొహమాటపడింది, నాకు ఆ మొహమాటం లేదు.

ముందు పన్నెండు పేజీలు చాలు. మొదటిది మాత్రం నా ఎదురుగా రాయి. వచ్చే శనివారం వెంకటగిరి నుంచి గూడూరు వచ్చి పగటి రైలెక్కు, చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకు. అమ్మడానికి పెట్టిన చీరలు రెండు తీసుకురా. ఆ ఆరుగురిలో పెద్దాయనను, తన చీరను చూడకుండా చేత్తో తాకి ఎలా గుర్తుపడతాడో అడిగి, ఆయన అన్నది అన్నట్లుగా రాసుకుని రా.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ