చెల్లెలి కార్డు మీద ఏఎస్ అని ఉంది, ఇది జబ్బేనా? తనకి ఎలా చెప్పాలి?

ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే చెల్లెలికి సికిల్ సెల్ (రక్తంలో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్షలో ఏఎస్ వచ్చిందని, అప్పట్నుంచి సరిగ్గా తినకుండా ఏడుస్తోందని రాశారు కదా. ముందు తనకి ఈ ఒక్క మాట చెప్పండి, ఏఎస్ అంటే జబ్బు కాదు, క్యారియర్ మాత్రమే, అంటే తనకి జబ్బు లేదు కానీ ఆ ఎస్ తన పిల్లలకి వెళ్లొచ్చు. జబ్బు ఉన్నవాళ్లకి ఎస్ఎస్ అని వస్తుంది.

నేను పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో సైన్స్ చెప్తాను. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్షలన్నారు, మా పిల్లలకీ చేసి కార్డులు ఇచ్చారు, కానీ ఆ రెండు అక్షరాలకి అర్థం ఎవరం చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు, దాంతో ఏఎస్ వచ్చిన పిల్లల పక్కన కూర్చోడానికి మిగతావాళ్లు భయపడ్డారు. ఇది అంటుకునేది కానే కాదు, అమ్మానాన్నల నుంచి వచ్చేది.

తర్వాత క్లాసులోకి రాజ్మా గింజలు పట్టుకెళ్లా, మా దగ్గర తెల్లవీ ఎర్రవీ రెండూ పండుతాయి. రెండు గిన్నెలు, ఒకటి అమ్మ, ఒకటి నాన్న, ఒక్కోదాంట్లో ఒక తెల్లది ఒక ఎర్రది. తెల్లది ఏ, ఎర్రది ఎస్, అంటే ఇద్దరూ ఏఎస్ అన్నమాట. కళ్లు మూసుకుని ఒక్కో గిన్నెలోంచి ఒకటి తీయాలి, రెండూ ఎర్రవి వస్తే ఎస్ఎస్. నాలుగింట ఒక వంతు ఛాన్స్, అదీ ప్రతి కాన్పుకీ మళ్లీ మొదటినుంచే. ఒక పిల్ల వరసగా రెండుసార్లు ఎర్రవే తీసింది, అప్పుడు క్లాసంతా గప్‌చుప్. పదో ఇంటరో అవ్వగానే పెళ్లి మాటలు వచ్చే ఊళ్లు మావి, అందుకే ఈ వయసులోనే తెలియాలి. మేనరికం చేసుకున్నా బయట సంబంధమైనా ముందు ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఎస్ఎస్ ఉన్న పిల్లల సంగతి వేరు. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి డిసెంబరు చలిలో చన్నీళ్లు పోసుకుని వచ్చి మోకాళ్లు పట్టుకుని ముడుచుకుపోయేది, కళ్లు పచ్చగా ఉండేవి, మేం పీటీ ఎగ్గొట్టడానికి అనుకున్నాం, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. చలికి, నీళ్లు తక్కువైనా ఆ ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, నొప్పి అందుకే. తను నీళ్లెందుకు తాగట్లేదో తర్వాత తెలిసింది, బాత్రూం దూరం, మాటిమాటికీ సారుని అడగాలంటే సిగ్గు. ఇప్పుడు బెంచీ మీద నీళ్ల బాటిల్ ఉంటుంది, అడక్కుండా వెళ్లొచ్చు, స్నానానికి వేడినీళ్లు, డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా అనే మందు రోజూ వేసుకుంటుంది. జ్వరమొస్తే మాత్రం తెల్లారేదాకా ఆగం, రాత్రైనా ఆసుపత్రికే.

మీ చెల్లెలికి మందులేం అక్కర్లేదు, ఆటలూ మానక్కర్లేదు, బాగా పరిగెత్తినప్పుడు నీళ్లు తాగుతూ మధ్యలో కాస్త ఆగమనండి, కార్డు జాగ్రత్తగా దాచుకోమనండి. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు గింజలు తన చేతే తీయించండి. అమ్మానాన్నల్లో ఒకరి నుంచే కదా తనకి ఆ ఎస్ వచ్చింది, మీకూ వచ్చి ఉండొచ్చు, మీరింకా పరీక్ష చేయించుకోకపోతే తనని తోడు తీసుకుని వెళ్లండి.