రాజమహేంద్రవరంలో ఒక సాహిత్య దినం

ప్రశ్న: అత్తమామలతోనూ, పదమూడేళ్లు, తొమ్మిదేళ్లు ఉన్న పిల్లలతోనూ కలిసి రాజమండ్రి వెళ్లాలనుకుంటున్నాము. గోదావరి స్నానాలు, గుళ్లు ఇదివరకే అయ్యాయి. ఈసారి సాహిత్యం, నాటకం, చరిత్రలకు సంబంధించిన చోట్లు పిల్లలకు చూపించాలని ఉంది. ఒక్క రోజు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిపోతుంది, కాని ముందు నాటకం ఏ రోజున ఉందో తెలుసుకుని ప్రయాణం ఆ రోజుకే పెట్టుకోండి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు, మ్యూజియం ఎప్పుడు వెళ్లినా ఉంటాయి. శ్రీ వేంకటేశ్వర ఆనం కళాకేంద్రంలో ప్రదర్శన మాత్రం మన వీలు చూసుకుని జరగదు. పంతులుగారి జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు కనుక, ఆ రోజుల్లో వెళ్లగలిగితే మరీ మంచిది.

ఉదయం పంతులుగారి ఇంటితో మొదలుపెట్టండి. అక్కడ తొందరపడవద్దు. 1848లో ఈ ఊళ్లోనే పుట్టిన ఆయన ‘రాజశేఖర చరిత్రము’ రాసిన రచయిత మాత్రమే కాదు, 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి, ఊరు ఊరంతా ఎదురు తిరిగినా వెనక్కి తగ్గని మనిషి. ఈ సంగతి పిల్లలకు అత్తగారి చేత చెప్పించండి. భర్త పోయిన ఆడపిల్లల బతుకు ఆ కాలంలో ఎలా ఉండేదో పెద్దవాళ్లు తమ అమ్మమ్మల నోట విన్నది చెబితే పిల్లలకు బాగా పడుతుంది. 1880లో తన ‘వ్యవహార ధర్మబోధిని’ నాటకాన్ని ఆయన ఈ ఊళ్లోనే ఆడించారని, 1890లో టౌన్‌హాలు కట్టించారని కూడా చెప్పండి. అప్పుడు సాయంత్రం చూడబోయే నాటకానికి, పొద్దున చూసిన ఇంటికి ఉన్న చుట్టరికం వాళ్లకే తెలుస్తుంది.

నన్నయ నివసించిన ఇల్లంటూ చూపించగలిగింది ఏదీ లేదు. అందుకే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలో శిల్పాలు, నాణేల ఎదుట నిలబడి, పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు మహాభారతాన్ని తెలుగు చేయమని నన్నయను కోరిన ముచ్చట చెప్పండి. సెలవు రోజు ఏదో ముందే కనుక్కోండి.

ఎండ వేళకు దామెర్ల రామారావు చిత్రశాల మంచిది. 1925లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే పోయిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు మీ చిన్నవాడో, చిన్నదో ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనివ్వండి.

గౌతమీ గ్రంథాలయానికి అందరూ వెళ్లనక్కరలేదు. మామగారికి పాత పుస్తకాల మీద మక్కువ ఉంటే, పిల్లలు విశ్రాంతి తీసుకునే వేళ ఆయనను అక్కడ దింపి, నాటకానికి వెళ్లేటప్పుడు తీసుకువెళ్లండి.